ఎదురుకాళ్ళ పిల్ల

అరకు దగ్గర హాస్టల్ బడిలో చదివే రోజుల్లో నాకు ఒకటే పిచ్చి, సముద్రం చూడాలని. కొండ దిగితే విశాఖపట్నమే గానీ, తొమ్మిదో తరగతికొచ్చినా దిగింది లేదు. సైన్సు ఫెయిర్‌లో మొదటి బహుమతి వచ్చినవాళ్ళని విశాఖ తీసుకెళ్తామన్నారు. ఇక నేను ఆగుతానా!

మా సైన్సు మాస్టారు పాత పుస్తకంలో ఇక్తియోసారస్ బొమ్మ చూపించారు. డైనోసార్ల కాలంలో సముద్రంలో తిరిగిన జీవి. చూడ్డానికి చేప, వంశం మాత్రం బల్లులది. కాళ్ళు తెడ్లయిపోయాయి, కళ్ళేమో మా అన్నం పళ్ళేలంత. మొప్పల్లేవు, ఊపిరి కోసం పైకి రావలసిందే. గుడ్లు పెట్టకుండా నీళ్ళలోనే పిల్లని కనేదట, అదీ తోక ముందు వచ్చేలా. తల ముందొస్తే, ఒళ్ళంతా బయటపడేలోపు పిల్లకి ఊపిరాడదని మాస్టారు చెప్పారు.

మాకు వండిపెట్టే ఆయమ్మ వెదురు బద్దలతో, చేపల బుట్ట అల్లినట్టే, తల్లినీ పిల్లనీ అల్లిపెట్టింది. మేం గంజితో కాగితాలు అంటించాం. ఆయమ్మ వాళ్ళ ఊళ్ళో మంత్రసాని కూడా. మేం తోక బయటికుండేలా పెట్టిన పిల్లని చూసి గుండెలు బాదుకుంది.

"ఏటే ఇది, ఎదురుకాళ్ళ పిల్ల! తల్లీ పిల్లా ఇద్దరూ పోతారు."

"సముద్రంలో అంతే ఆయమ్మా, నీకు తెలీదు," అన్నాను. ఆవిడ గంజిగిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒప్పుకుందనుకున్నాను.

ఫెయిర్‌లో బొమ్మ మీద కప్పిన గోనెపట్టా తీసి చూద్దును కదా, పిల్ల తల బయటికుంది! జడ్జిగారు బొమ్మ చుట్టూ తిరిగి, "అంతా బాగుంది గానీ పిల్ల తిరగబడిందమ్మా," అన్నారు. మొదటి బహుమతి వేరే బడివాళ్ళ అగ్నిపర్వతం కొట్టేసింది. నాకు ఓదార్పు బహుమతిగా ప్లాస్టిక్ డబ్బా దక్కింది.

తిరిగొచ్చి ఆయమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆవిడ పప్పు కలుపుతూనే, "నా సేత్తో అల్లిన పిల్లని సచ్చిపోయినట్టు ఎలా పెట్టమంటావు గుంటా?" అంది. ఆ ఏడంతా ఆవిడతో మాట్లాడలేదు. మొండిఘటాన్ని.

తర్వాత నేనూ సైన్సు టీచర్నే అయ్యాను. చాలా ఏళ్ళకి ఒకచోట చదివాను: ఆ వంశంలో బాగా పాతవి తల ముందే కనేవట. నేల మీద బతికిన పూర్వీకుల అలవాటు అది. ఎగిరి గంతేసి, సెలవు పెట్టి ఆయమ్మ ఊరెళ్ళాను. ముసలిదైపోయింది. అంతా చెప్పాను.

"అది నాకు తెలవదేటి?" అని నవ్వేసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "సముద్రం సూసినావా మరి? ఇన్నేళ్ళూ అదే దిగులు నాకు," అంది.

"ఎన్నోసార్లు చూశాను ఆయమ్మా."

"ఎలాగుంటాది?"

తల తీసేసినట్టయింది నాకు. ఆవిడా చూడలేదన్న సంగతి ఒక్కనాడూ తోచలేదు.

"బేగి తెములు," అన్నాను. మధ్యాహ్నం విశాఖ బస్సులో కిటికీ సీటు ఆవిడకిచ్చాను.