పీరాంబక్క ఏకిన దూది

ఆళ్లగడ్డలో నా కుట్టుమిషను కొట్టుకూ, పీరాంబక్క పరుపుల షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. ఆమె దూది ఏకే మిషను వేసిందంటే నా గోడ వణుకుతుంది, నేను కత్తిరించే జాకెట్టు గుడ్డల మీద నూగు వచ్చి వాలుతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అక్కా, నీ దూది నా సద్దిలోకి కూడా వస్తాంది" అని అరుస్తాను. తలంతా నూగు పట్టి, నాటకంలో ముసలమ్మ వేషం కట్టినట్టు ఆమె గడపలోకి వస్తుంది. "తిను నిర్మలా, పరుపు మాదిరి మెత్తగా అయితావు" అంటుంది. ఇంకేం కొట్లాడతాను?

వాళ్లు దూదేకులవాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. పీరాంబక్క నమాజు సరిగా నేర్చుకున్నది పిల్లలు పెద్దవాళ్లయ్యాకే. మసీదు వీధిలో ఆడవాళ్లకు నేర్పే ఇంటికి పోయి, చిన్నపిల్లల పక్కన కూర్చుని నేర్చుకుంది. పలకడం రాదని పక్కవాళ్లు నవ్వితే తనూ నవ్వేది. నమాజు అయ్యాక మొర పెట్టుకునే దువా మాత్రం ఇప్పటికీ తెలుగులోనే చేస్తుంది. "నా బాధ ఆయనకు తెలుగులో చెప్తే తెలీదా ఏంది?" అంటుంది. ఏసుప్రభువుతో నేను మాట్లాడేదీ తెలుగులోనే కాబట్టి ఆ విషయంలో మా ఇద్దరికీ తగవు లేదు.

పరుపు లోపల ఏం కూరినా పైకి కనపడదు. చెత్తదూది లోపల పెట్టి, పైన తెల్లది పరిచి కుట్టేవాళ్లను నేనెరుగుదును. పీరాంబక్క దగ్గర ఎవరి దూది వాళ్లదే. తడి గింజలు కుప్ప కింద దాచి అమ్మినవాణ్ణి ప్రవక్త మందలించాడని ఎప్పుడో విందట, ఆ మాటనే పట్టుకుంది. "మనకు అప్పజెప్పింది అమానత్తు నిర్మలా. ఎట్ల తీసుకున్నామో అట్లనే తిరిగి ఇయ్యాల" అంటుంది. అట్లాంటి మనిషి చేతుల మీదుగానే ఆ పొరపాటు జరిగింది.

పోయిన చలికాలంలో నంద్యాల నుంచి అనసూయమ్మ వచ్చింది. మా పక్క పల్లెలో భూములున్న కుటుంబం, పీరాంబక్క దగ్గర తరతరాల బేరం. కూతురు హిమజకు బిడ్డ పుట్టింది, తొట్టెల్లో వేసే పండగ దగ్గర పడింది. సొంత చేని పత్తి గింజ తీయించి, మూట కట్టి తెచ్చింది. "పసిబిడ్డ పరుపు పీరాంబీ. దీంట్లో ఇంకే దూదీ కలపొద్దు" అని మరీమరీ చెప్పి పోయింది.

ఆ రోజే రాళ్లు చెక్కే శేషయ్య ఒక పాత పరుపును దుప్పట్లో చుట్టి తెచ్చాడు. అతని తండ్రి కన్నుమూసింది ఆ పరుపు మీదే. పోయినవాళ్ల పక్కబట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని వాళ్లలో ఆచారం, పారేస్తారు. శేషయ్యకు చేతులు రాలేదు. "పారేసినానని ఇంట్లో చెప్పినా అక్కా. ఏకి కుట్టియ్యి, నా పని షెడ్డులో ఏసుకుంటా. ఎవురికీ చెప్పొద్దు" అని గొంతు తగ్గించి అన్నాడు. గోడ ఒకటే కదా, నాకూ వినపడింది. ఇప్పుడు ఆయనే అందరికీ చెప్పుకుంటున్నాడు కాబట్టి రాస్తున్నాను.

మొదట శేషయ్య దూది ఏకి కుప్ప పోశారు. ఏకితే పాతదూది కూడా తెల్లబడుతుంది. పక్కనే అనసూయమ్మ దూది. అంతలో మధ్యాహ్నం అజాన్ వినపడింది. షెడ్డులో కాలు పెట్టే సందు లేదు. పీరాంబక్క శేషయ్య దూదిని రెండు చేతులా గోడవైపు నెట్టి, చాప పరిచి నమాజుకు నిలబడింది. నెట్టిన దూదిలో కొంత పక్క కుప్పలోకి జారింది. ఆమె లేచేలోగా భర్త ఫకృద్దీనన్న ఆ పక్క కుప్పను మిషనులో వేశాడు. సాయంత్రానికి పసిపరుపు తయారైంది, మర్నాడు పొద్దున్నే అనసూయమ్మ తీసుకుపోయింది.

ఆ మాపటేళ శేషయ్య పరుపు కుడుతుంటే దూది చాలలేదు. అప్పుడు తెలిసింది ఆమెకు. చెయ్యి పరుపు గలీబులోనే పెట్టుకుని అట్లా నిలబడిపోయింది.

"దేవుని ముందర నిలబడేదానికి చోటు చేసుకుంటా, ఒకరి సొత్తు ఇంకొకరిదాంట్లోకి నూకినా" అంది. ఆమె గొంతు అట్లా పలకడం నేనెప్పుడూ వినలేదు.

ఫకృద్దీనన్న దగ్గుతూ కసురుకున్నాడు. "దూదికి సావు మైల ఉంటాదా? మన మతంలో యాడన్నా ఉందా అది? నోరు మూసుకో. ఆయమ్మకు తెలిస్తే మన షెడ్డు మూసుకోవాల్సిందే."

నేనూ ఆయన పక్షమే మాట్లాడాను. ఇప్పటికీ సగం మనసు ఆ పక్షమే.

"మైల నాకు లేదు. ఆయమ్మకు ఉంది కదా" అంది పీరాంబక్క. "బిడ్డ ఆమెది, నమ్మకం ఆమెది. నాకు లేదని ఆమెను ఎట్ల మోసం చేసేది?"

ఆ రాత్రే కొత్తదూది కొనుక్కొచ్చి ఇంకో పసిపరుపు కుట్టింది. పొద్దున్నే నంద్యాల బస్సెక్కాం. ఒంటరిగా పంపబుద్ధి కాక నేనూ పోయాను.

అనసూయమ్మ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఆమెను గేటు పక్కకు పిలిచి పీరాంబక్క ఉన్నదున్నట్టు చెప్పింది.

అనసూయమ్మ మొహం నల్లబడింది. "రాత్రంతా నా మనవరాలు సచ్చినోళ్ల దూది మీద పండిందా? ఎవురిదే అది? పేరు చెప్పు."

"పేరు చెప్పలేనమ్మా. అది కూడా నాకు అప్పజెప్పిన మాటే. తప్పు నాది. ఈ కొత్తది ఏసుకోండి. మాఫ్ చెయ్యండి."

పరువు తీసేదాకా తిట్టింది అనసూయమ్మ. చుట్టాలు తొంగి చూస్తున్నారు. లోపలికి పోయి, తొట్టెల్లోని పరుపు లాక్కొచ్చి మెట్ల మీద విసిరేసింది. కొత్తదాన్ని ముట్టుకోలేదు. "నీ చేతిది ఏదీ నాకొద్దు" అంది. పీరాంబక్క తల వంచుకునే ఆ పరుపు తీసి దుమ్ము దులిపింది.

రెండు పరుపులూ ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాం. నేను మండిపోతున్నాను. "చెప్పకుంటే ఏమయ్యేది? చెప్పి ఏం బాగుపడినావ్?" అన్నాను. ఆమె కళ్లనీళ్లు కారుతున్నాయి. "తిట్టిందని కాదు నిర్మలా. పండగపూట ఆయమ్మ మనసు ఇరగ్గొట్టినా. చెప్పింది తప్పంటావా?" అని అడిగింది. చెయ్యి పట్టుకున్నాను, అంతే. అనసూయమ్మ ఇప్పటిదాకా మా వీధి తొక్కలేదు.

బస్సు దిగాక పీరాంబక్క ఇంటికి పోలేదు, నేరుగా శేషయ్య దగ్గరికి నడిచింది, వెనకే నేను. సగం చెక్కిన విగ్రహం ముందు అతను ఉలి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఈమె మళ్లీ మొదటినుంచీ చెప్పింది.

"మీ నాయన దూది కొంచెం దీంట్లో ఉందప్పా. నీ పేరు యాడా చెప్పలే. ఈడనే కుట్టు ఇప్పి ఇస్తా" అని అనసూయమ్మ విసిరేసిన పరుపు అతని ముందు పెట్టి, సంచిలోంచి కత్తెర తీసింది.

శేషయ్య ఉలి కింద పెట్టి ఆ పరుపు తీసుకున్నాడు. రాతిదుమ్ము పట్టిన చేతులతో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బిడ్డ పండిందా అక్కా దీని మీద?"

"పండిందప్పా. ఒక రాత్రి."

అతను పరుపును ఒళ్లోకి తీసుకున్నాడు. అతనికి పిల్లల్లేరు, ఆ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు.

"ఇప్పొద్దులే అక్కా" అన్నాడు. "మనవన్నో మనవరాల్నో పక్కలో పండబెట్టుకోవాలని మా నాయన పోయేదాకా కలవరించినాడు. పోయినంక తీర్చినావు."

పీరాంబక్క కత్తెర చేతిలోనే పట్టుకుని, ఆ రాళ్ల మధ్య కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.