పదో తరగతి ఆలస్యంగా రాసినందుకు

ఆ కబురు నాకు ముందుగా తెచ్చింది మా బడి ఆయమ్మ. చిట్కుల్‌లో ఫ్యాక్టరీ పనివాళ్ల పిల్లలు చదివే చిన్న ప్రైవేటు బడి మాది. అక్కడ తొమ్మిదేళ్లు హిందీ చెప్పాను. కిందటి నవంబరులో ఒక రోజు ప్రార్థన అయ్యాక ఆయమ్మ చీపురు గోడకు ఆనించి నా దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, పెద్దసారు ఫోన్ల మాట్లాడుతుంటె విన్న. వచ్చే జూన్ సంది ట్రైనింగ్ సర్టిఫికెట్ లేనోళ్లకు క్లాసులియ్యరంట. నీకున్నదా?"

"లేదు."

"ఇన్నేండ్ల సంది చెప్తున్నవ్, ఇంకేం ట్రైనింగ్? నువ్వే ఇయ్యాలె వాళ్లకు."

ఆమె చెప్పకపోతే నాకు జూన్ దాకా తెలిసేది కాదు. ఆ మేలు మరవను.

నేను బడిలో చదువుకున్నదాన్ని కాను. పటాన్‌చెరులో మాది కిరాణా దుకాణం. చిన్నప్పుడు కాలు బాగా లేక నాన్న నన్ను బడికి పంపలేదు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మా మేనత్త, దుకాణం వెనక గదిలో నాకు చదువు చెప్పింది. పూజ దగ్గర ఆమె చదువుకునే హిందీ భజనల పుస్తకమే నా మొదటి వాచకం. పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత పేపర్లలో హిందీవి ఏరి నాకోసం దాచేది. వాటిలో పప్పు కట్టబోతే నాన్ననైనా వదిలేది కాదు.

హిందీ పరీక్షలు ఇంట్లో చదివి రాయవచ్చని ఎవరో చెప్పగానే అత్త నాచేత దరఖాస్తు పెట్టించింది. వాటికి పదో తరగతి కావాలని అప్పుడు ఎవరూ అడగలేదు. ఒక్కొక్కటే రాస్తూ ఇరవై రెండేళ్లకు డిగ్రీతో సమానమనే పెద్ద పరీక్ష పాసయ్యాను. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ రాశాను. ఏది ముందు రాస్తే ఏముందిలే అనుకున్నాం.

హిందీ పండిత శిక్షణలో చేరడానికి అర్హత పత్రం కోసం సంగారెడ్డిలో ఒక ఆఫీసుకు వెళ్లాను. మొదటిసారి సారు సెలవు. రెండోసారి ఫొటో మీద సంతకం లేదన్నారు. మూడోసారి కంప్యూటరు పనిచేయలేదు. నాలుగోసారి గుమాస్తా నా సర్టిఫికెట్లు బల్ల మీద వరసగా పరిచాడు.

"ఏందమ్మా ఇది? పెద్దది ముంగట, చిన్నది ఎన్క. గిట్ల చెల్లదు."

"రెండూ పాసైన గద సారూ."

"కాదని ఎవరన్నరు? పది తర్వాత పాసైతెనే పెద్ద పరీక్ష లెక్కకొస్తది. మళ్ల రాయి."

"అదే పరీక్షనా?"

"అదే. నీకొచ్చిందే గదా, పరేషాన్ ఎందుకు?"

దరఖాస్తులో చదివిన బడి అన్న చోట నేను 'ఇల్లు' అని రాశాను. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు.

"ఇల్లు ఏం బడమ్మా? కొట్టేసి ప్రైవేట్ అని రాయి."

కొట్టేశాను. ఆ గీత గీసినందుకు ఈనాటికీ నా మీద నాకే కోపం.

మా ఆయన పని నుంచి రాగానే చెబితే చెప్పులైనా విప్పకుండా అన్నాడు. "మీ అత్త ముందుగాల పది రాయించి ఉంటె ఈ తిప్పలు ఉండకపోతుండె."

"ఆమెకు రూల్స్ చెప్పినోళ్లెవరు?" అని లోపలికి వెళ్లిపోయాను. రోజూ దీపం పెట్టి, ఆ రోజు జరిగిన మంచికి దండం పెట్టుకోవడం నా అలవాటు. ఆ సాయంత్రం వత్తి వెలిగించాను గానీ దండం పెట్టకుండానే లేచి వచ్చాను.

ఫిబ్రవరిలో పరీక్షకు వెళ్తే గదిలో నా ముందు బెంచీ మీద నా దగ్గర ఆరో తరగతి చదివిన ఒడియా అమ్మాయి కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"టీచర్, మీరు డ్యూటీకొచ్చిన్రా?"

"లేదు బిడ్డా. నీ ఎన్క నంబరు నాదే."

"అయితె నాకు ఒక్క ముక్క యాదికి రాదు టీచర్. మీరు ఎన్కనుంచి చూస్తున్నరని భయమైతది."

నవ్వాను. పేపరు చేతికొచ్చాక నవ్వు పోయింది. ఇరవై రెండేళ్ల వయసులో రాసిన జవాబులనే మళ్లీ రాశాను.

ఫలితాలు జూలైలో వచ్చాయి. ఇద్దరం పాసయ్యాం. కానీ జూన్‌లోనే నా క్లాసులు వేరే ఆమెకు ఇచ్చారు. ఆమె మంచిదే, తప్పు ఆమెది కాదు. నేను ఇప్పుడు ఆఫీసు గదిలో అడ్మిషన్ రిజిస్టరు రాస్తున్నాను. గోడ అవతల పిల్లలు పాఠం తప్పు చదివితే లేవబోయి మళ్లీ కూర్చుంటాను. శిక్షణకు మొన్ననే దరఖాస్తు పెట్టాను. సీటు వస్తే, అది పూర్తయితే, నా క్లాసు పిల్లలు నాకు తిరిగి దొరకవచ్చు.

ఇన్ని కాగితాల్లో మా మేనత్త పేరు ఎక్కడా లేదు. రాయడానికి చోటు లేదు. ఆమె పోయి ఏడేళ్లు. ఇది చదివినవాళ్లు ఎప్పుడైనా కిరాణా పొట్లం విప్పి ఆ కాగితం మీద కళ్లు ఆనించినప్పుడు, దుకాణం వెనక గదిలో ఒక పిల్లకు అక్షరాలు దిద్దించిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.