వైర్లన్నయ్య రెండేళ్ల డిగ్రీ

నేను ఏడాది, రెండేళ్ల చదువులుండే కమ్యూనిటీ కాలేజీలో అడ్మిషన్ల కౌంటరు దగ్గర కూర్చుంటాను. కంప్యూటరు కోర్సులు చేద్దామని వచ్చేవాళ్లకు ఏ డిగ్రీ ఎందుకు పనికొస్తుందో చెప్పడం నా ఉద్యోగం. పదకొండేళ్లుగా చెబుతున్నాను, బాగానే చెబుతానని పేరు కూడా ఉంది. వైర్లన్నయ్య సంగతి తలుచుకుంటే మాత్రం ఆ పేరు తీసుకెళ్లి చెత్తబుట్టలో వేయాలనిపిస్తుంది.

వైర్లన్నయ్య అంటే మా కంప్యూటరు ల్యాబు చూసుకునే మనిషి. ఎప్పుడూ భుజాన కేబుల్ చుట్ట వేసుకు తిరుగుతాడని పిల్లలు పెట్టిన పేరు. పద్దెనిమిదేళ్ల కిందట బల్లలు మోయడానికి చేరాడు. వచ్చిన ప్రతి మెకానిక్ పక్కనా నిలబడి, చూసి చూసి పని నేర్చుకున్నాడు. ఇప్పుడు అరవై నాలుగు మిషన్లూ, సర్వరు గదీ ఆయన చేతిమీదే నడుస్తాయి. చదువు మాత్రం స్కూలుతోనే ఆగింది.

మూడేళ్ల కిందట పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ల్యాబు బాధ్యత చూసేవాళ్లకు ఐటీలో కనీసం రెండేళ్ల డిగ్రీ ఉండాలట. గడువు మూడు విద్యా సంవత్సరాలు. ఈలోగా తెచ్చుకోకపోతే ఇంటికే. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా కౌంటరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

“చెల్లెమ్మా, ఇన్నాళ్లూ నీ కంప్యూటరు బాగుచేశాను. ఇప్పుడు నువ్వు నన్ను బాగుచెయ్యి.”

“అదెంత పని అన్నయ్యా! వడ్డించేదాన్ని నేనుండగా నువ్వు కడబంతిలో కూర్చున్నా ఒకటే,” అన్నాను. అప్పట్లో నా నోటికి హద్దుండేది కాదు.

ఉన్న దారులు మూడూ చెప్పాను. ఏడాది సర్టిఫికెట్ ఉంది, ఫోన్లో జనం గోడు వినే ఉద్యోగానికి అది చాలు గానీ ఉత్తర్వుకి చాలదు. తర్వాత యూనివర్సిటీలో చేరేవాళ్ల కోసం ఒక రెండేళ్ల డిగ్రీ ఉంది, అందులో లెక్కలు నడుం విరగ్గొడతాయి. చదువవగానే పనిలో దిగేవాళ్ల కోసం ఇంకో రెండేళ్ల డిగ్రీ ఉంది, అందులో నెట్‌వర్కింగ్ తీసుకోమన్నాను. ఆయనకది నల్లేరు మీద నడక. ఆ మాటలో తప్పు లేదు, ఇప్పటికీ అదే అంటాను.

తప్పు ఆ తర్వాతి మాటలో ఉంది. “రానివి ముందు కానియ్యి అన్నయ్యా, వచ్చినవి చివర చూసుకుందాం,” అన్నాను.

ఆయన నా మాట అక్షరాలా పాటించాడు. పగలు ల్యాబు, సాయంత్రం క్లాసు. బీజగణితం ఒకసారి తప్పాడు, రెండోసారి గట్టెక్కాడు. వదిన ఇంట్లో బట్టలు కుడుతుంది. కుట్టుమిషను తొక్కుతూనే ఆయనచేత సూత్రాలు అప్పజెప్పించుకునేదట. తప్పు చెబితే మిషను ఆపి మరీ తిట్టేదట. “మీ వదిన ముందు ఏ మాస్టారూ పనికిరాడు చెల్లెమ్మా,” అని మురిసిపోయేవాడు. కంప్యూటరు కోర్సుల్లో చాలావాటికి క్లాసులకు రాకుండానే పరీక్ష రాయొచ్చు, అవన్నీ ఇట్టే అయిపోయాయి. చివరికి ఒకే ఒక్కటి మిగిలింది, నెట్‌వర్క్ ల్యాబు. దానికి ముప్పాతిక వంతు హాజరు తప్పనిసరి, పైగా ఏడాదికి ఒక్కసారే పెడతారు.

ఆ క్లాసు జరిగేది ఆయన ల్యాబులోనే. చెప్పే మాస్టారు కుర్రవాడు, ఒకప్పుడు అదే ల్యాబులో చదువుకున్నవాడు. కేబుల్ చివర క్లిప్పు నొక్కడం అతనికి నేర్పింది అన్నయ్యే. ఇంకేం కావాలి చెప్పండి! క్లాసు మధ్యలో ఎవరి మిషను ఆగినా మాస్టారు “అన్నయ్యా, కాస్త చూడు” అనేవాడు. అన్నయ్య పుస్తకం మూసి లేచేవాడు. ఒక్కరోజు కూడా క్లాసు మానలేదు.

పరీక్షకు రెండు వారాల ముందు ఆయన్ని కోర్సు నుంచి తీసేశారు. నలభై క్లాసుల్లో హాజరు పదకొండు!

అక్కడ హాజరు పిలవరు. విద్యార్థి తన పేరుతో మిషను తెరిస్తే అదే పడుతుంది. మిషన్లు బాగుచేయాలంటే ల్యాబు ఉద్యోగి పేరుతో తెరవాలి. ఏళ్ల తరబడి ఆయన వేళ్లకు అలవాటైన పేరు అదే. ఏ పదకొండు రోజులో గుర్తొచ్చి విద్యార్థి పేరు కొట్టాడు గానీ, మిగతా రోజులన్నీ కూర్చోగానే అదే కొట్టేవాడు. హాజరు తగ్గుతోందని వారం వారం హెచ్చరికలు వచ్చాయి, విద్యార్థి మెయిలుకి. ఆయన రోజూ చూసుకునేది ఉద్యోగి మెయిలు. ఓరి భగవంతుడా, ఒక్కసారి అడగొద్దా నేను, ఆ రెండో మెయిలు చూస్తున్నావా అన్నయ్యా అని?

రికార్డుల మేడం దగ్గరికి ముగ్గురం వెళ్లాం. మాస్టారు బతిమాలాడు. “మేడం, ఆయన రోజూ నా కళ్లముందే ఉన్నాడండీ. నేనే లేపి పని చెప్పాను.”

“ఉన్నాడు, నేనూ చూశాను,” అంది మేడం. “కానీ ఉద్యోగిగా ఉన్నాడు. విద్యార్థిగా ఉన్నట్టు చూపించండి, ఇప్పుడే సంతకం పెడతాను.”

“రెండూ ఒకే మనిషి కదండీ!” అని నేను గట్టిగానే అరిచాను.

“అరవకమ్మా. నా చేతిలో ఏముంది?” అంది. చెడ్డమనిషి కాదు, అదే నా కడుపుమంట. చెడ్డదైతే తిట్టుకునైనా బతికేదాన్ని. ప్రిన్సిపాల్ గారూ అంతే అన్నారు, జాలిగా చూస్తూ. వచ్చే ఏడు మళ్లీ చేరదామంటే గడువు ఈ నెలాఖరే.

వరండాలోకి వచ్చాక అన్నయ్య చెవిలో చెప్పాను. “హాజరు లెక్కలుండే సర్వరు నీ చేతిలోనే ఉందిగా. మార్చెయ్యి. పాపం వస్తే నాకు రానీ.”

“మార్చినవాళ్ల పేరు పడుతుంది చెల్లెమ్మా. ఎవరూ మార్చకూడదని నేనే పెట్టాను,” అన్నాడు. అని నవ్వబోయాడు గానీ రాలేదు. “మీ వదినకి ఇంకా చెప్పలేదు. పట్టా పుచ్చుకునేటప్పుడు తీసే ఫొటో కోసం చొక్కా కుట్టింది.”

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందే ఏడ్చాను. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అది మా అన్నయ్య కోసమే పుట్టిన మాట.

మర్నాడు ఏదో ఒకటి మాట్లాడదామని ల్యాబుకెళ్లాను. ఆయన రికార్డుల ఆఫీసు పంపిన జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కోర్సు నుంచి తీసేసినవాళ్ల విద్యార్థి ఖాతాలు సాయంత్రంలోగా మూసేయాలి, అది ల్యాబు పని. ఒక్కో పేరే కొట్టి మూసుకుంటూ వస్తున్నాడు. తొమ్మిదో పేరు దగ్గర ఆగాడు.

“అన్నయ్యా, అదొక్కటీ నేను చేస్తాను, లే,” అన్నాను.

“నీకు అధికారం లేదమ్మా,” అన్నాడు మెల్లగా.

తన పేరు తనే కొట్టాడు. కారణం రాయమని మిషను అడిగింది, అది రాయనిదే మూసుకోదు. కళ్లజోడు సర్దుకుని, రెండు వేళ్లతో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ రాశాడు: ‘క్లాసులకు రాలేదు.’