వేరే నవలలోని అడవి

మొన్న ఖమ్మంలో పుస్తకాల ప్రదర్శన పెడితే మా మనవరాలు నన్ను చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్లింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. కొత్తగా వచ్చిన సైన్స్ ఫిక్షన్ ఏది, ఫాంటసీ ఏది, యంగ్ అడల్ట్ అని తన ఈడువాళ్ల కోసమే రాసేవి ఏవి అని ఎప్పుడూ ఫోన్లో వెతుకుతూనే ఉంటుంది. ఆ రోజు మూడు భాగాల నవల ఒకటి కొన్నది, మూడూ ఒకే అట్టపెట్టెలో ఒద్దికగా అమరి ఉన్నాయి. ఇంటికొచ్చే ఆటోలోనే చివరి భాగంలో ఎవరు చనిపోతారో నాకు చెప్పేసింది, చదవకముందే ఫోన్లో చూసిందట. దానికి అదేమంత విషయం కాదు గానీ నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

మీలో నా ఈడువాళ్లకు కిరాయి పుస్తకాల దుకాణాలు గుర్తుండే ఉంటాయి. మా ఇల్లందులో బస్టాండు దగ్గర ఒక చాచా అలాంటిది నడిపేవాడు. ఆయన అసలు పని బైండింగు. బొగ్గు గనుల ఊరు కాబట్టి మగవాళ్లు షిఫ్టుల్లో పనిచేసేవారు, లావుపాటి నవల ఒకరి చేతిలో పడితే మిగతావాళ్లు పడిగాపులు కాయాల్సిందే, అందుకని చాచా నవలను మూడు ముక్కలుగా కోసి, వేటికవి అట్టలు వేసి, గుడ్డ అంటించి కుట్టేవాడు. డ్యూటీ దిగినవాడు మొదటి భాగం తిరిగిచ్చి రెండోది పట్టుకెళ్తుంటే ఆ మొదటిదాన్ని ఇంకొకడు అందుకునేవాడు. అట్టల మీద పేర్లుండేవి కావు, గుడ్డ రంగును బట్టి ఏది ఏ నవలదో ఆయనే పోల్చుకునేవాడు. ఆ గుడ్డలేమో వాళ్ల తమ్ముడి దర్జీ కొట్టులో మిగిలిన ముక్కలు.

గనిలో పనిచేసే మా నాన్న పేరు మీద పుస్తకాలు తెచ్చేది నేను, చదివేది మా అక్క. అక్కకు కీళ్ల జ్వరం వచ్చి గుండెకు పట్టింది. పద్నాలుగేళ్లకే బడి మానిపించి మంచం మీద ఉంచారు. పైకి చదివితే ఆయాసం వచ్చేది, అమ్మ కేకలేసేది, అయినా నాకు వినిపించందే పేజీ తిప్పేది కాదు, మహా మొండిది.

అప్పటిదాకా మాకు తెలిసినవల్లా రాజకుమారులూ, డిటెక్టివులూ. ఒకనాడు చాచా పచ్చగుడ్డ అట్టలో కొత్తరకం నవల మొదటి భాగం ఇచ్చాడు. ఒక అమ్మాయి ఒంటరిగా ఆకాశనౌకలో చుక్కలు దాటి పోతుంటే, భూమ్మీద ఆమె చెల్లెలు రేడియో ముందు కూర్చుని అక్క గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉంటుంది. అలాంటి కథ ఉంటుందనే మాకు తెలియదు. రెండో భాగం చివర రేడియోలో ఆ గొంతు ఆగిపోయింది. మూడోది ఎవరి దగ్గరో ఉండిపోయి, మేం వేగిపోయాక గానీ చేతికి రాలేదు. అదీ పచ్చగుడ్డదే. తీరా తెరిస్తే అందులో దట్టమైన అడవి, ఒక మాంత్రికుడు, ముసలమ్మ కోసం ఆకులు కోసే పిల్ల, ఆమె పేరూ వేరే. నౌకా లేదు, రేడియో లేదు.

"ఏందక్కా గిది? ఆ పిల్ల ఏమైంది?" అన్నాను కోపంగా.

అక్క ఆ పేజీలు అటూ ఇటూ తిప్పి చూసి పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. "గీ పిల్లనే ఆ పిల్ల. పోయి పోయి గీ అడవిల పడ్డది. పేరు మారింది, ఎనకటిది యాదికి లేదు, గంతే. చెల్లె వచ్చి గుర్తువడ్తే సాలు" అంది.

నేను నమ్మాను. నమ్మకేం చేస్తాను, అక్క చెప్పింది కదా. ఆ అడవి మా అమ్మమ్మ వాళ్ల ఊరి పక్కన, దుమ్ముగూడెం అవతల ఉన్న అడవేనని కూడా ఇద్దరం తీర్మానించేశాం. కథ ముగిసినా ఆ పిల్లను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. చెల్లె ఇంకా దారిలోనే ఉన్నదని అక్క సర్దిచెప్పింది.

ఆ వానాకాలమే అక్కను గని ఆసుపత్రిలో చేర్చారు. అమ్మ మందులకు వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి రమ్మని, "నాకేమన్న అయితే ఏడ్వకు. నేను గూడ గట్లనే ఏడనో ఉంట. నాకు యాదికుండది, నువ్వే గుర్తువట్టాలె" అంది. వానలు వెనకబట్టకముందే, పదహారైనా నిండకుండా పోయింది.

నేను ఏడవలేదు. పిల్ల రాయైపోయిందని అందరూ భయపడి నన్ను అమ్మమ్మ దగ్గరికి పంపారు. అక్కడ సంతకు అడవి నుంచి చింతపండు, చీపురుకట్టలు మోసుకొచ్చే ఆడపిల్లల ముఖాలు ఒక్కొక్కటే వెతికేదాన్ని. ఒకమ్మాయి నవ్వు అచ్చం మా అక్క నవ్వే. సంతంతా ఆమె వెంటే తిరిగితే, జాలిపడి నా దోసిట్లో ఉసిరికాయలు పోసి తన భాషలో ఏదో అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పేరు మారినప్పుడు మాట మారదా మరి అనుకున్నాను. అక్క పోయాక మొదటిసారి ఆ పూట కడుపునిండా తిన్నాను.

ఇల్లందు తిరిగొచ్చాక ఒకరోజు చాచా దుకాణం ముందు పోతుంటే ఆయనే పిలిచాడు. మాంత్రికుడి కథ చదువుతున్న గని కార్మికుడొకాయన, చివరికొచ్చేసరికి రేడియో వచ్చిందేమిటని తగాదాకొచ్చాడట. "గలత్ అయింది బేటీ. రెండిటికీ ఒక్కటే గుడ్డ ఏసిన. మీకిచ్చింది వేరే నవలది, అసల్‌ది గిది. మీ అక్క జల్దీ అడుగుతదని పక్కకు పెట్టిన" అంటూ పుస్తకం చేతికిచ్చాడు. ఆయనకు కబురు తెలియదు. "అక్క లేదు చాచా" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, ఆ పుస్తకానికి కిరాయి వద్దన్నాడు, పాపం.

ఆ పుస్తకాన్ని మా వాకిట్లోనే కూర్చుని చదివాను. అందులో అడవి లేదు. నౌకలో వెళ్లిన అమ్మాయి తిరిగి రాదు, ఎక్కడా పడదు, పేరు మారదు. చెల్లెలు పెరిగి పెద్దదవుతుంది, ఒకనాటికి తాను అక్కకంటే పెద్దదాన్నయ్యానని తెలుసుకుంటుంది. అంతే కథ. పుస్తకం మూసి బావురుమన్నాను. పక్కింటివాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. అమ్మ మాత్రం హమ్మయ్య, పిల్ల ఏడ్చిందని నన్ను పొదువుకుంది.

ఇప్పుడా దుకాణం లేదు, చాచా లేడు. కొత్త నవలలు పిల్లల చేతికి పొల్లుపోకుండా వస్తున్నాయి, ఒక్క పేజీ అటూ ఇటూ అయినా మర్నాటికే వేరేది పంపిస్తారు. మంచిదే, కాదనను. కానీ ఆ పొరపాటు పుణ్యాన నాకు అక్క మరికొన్నాళ్లు బతికే ఉంది, ఆ తరువాత చదివిన ఏ గొప్ప నవలా ఆ పని చెయ్యలేకపోయింది. మా మనవరాలికి మొన్ననే పదిహేడు నిండాయి. మా అక్క దానికంటే చిన్నది.