రెండో సుత్తె చప్పుడు

కొలిమి మీద ఒట్టు... ఇది నిజంగా జరిగింది. నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకేం కోపం లేదు.

అప్పుడు నేను పదో తరగతి. వేములపల్లిలో రోడ్డు వారన, రేకుల కింద మా కొలిమి. బడికి పోయే ముందూ, వచ్చాకా నాన్న దగ్గర పని నేర్చుకునేదాన్ని. ఆడపిల్లకు సమ్మెట ఏంటని అందరూ అనేవాళ్లు. నాన్న పట్టించుకునేవాడు కాదు. పని మీదుంటే అసలు నోరే విప్పడు. చిన్న సుత్తెతో ఎర్రటి ఇనుము మీద 'టింగ్' అని తడతాడు... అక్కడే నా సమ్మెట పడాలి. ఆయన చూపించడం, నేను కొట్టడం. ఎక్కడ కొట్టాలో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ చలికాలం నాన్న గుండె ఆగి చనిపోయాడు.

కర్మలయ్యాక కోదాడ నుంచి మామయ్య వచ్చాడు, అమ్మ తమ్ముడు. "చదువుకునే పిల్లకి ఇదంతా ఎందుకక్కా? రేపు ఆటో తెస్తాను, దాగలి తీసేద్దాం" అన్నాడు. దాగలంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మె. అది పోతే ఇక కొలిమి లేనట్టే. నాకు ఏడుపాగలేదు.

ఆ సాయంత్రమే ఒక రైతు మొన అరిగిన గడ్డపార తెచ్చాడు. "పొద్దుగాల్ల కావాలె. చేస్తవా బిడ్డా?"

చేస్తానన్నాను. ఇది చక్కగా చేస్తే దాగలి ఉంచుదామని అమ్మ ఒప్పుకుంది.

అన్నాలు తిన్నాక కొలిమి రాజేశాం. నాన్న పీట మీద అమ్మ కూర్చుని, రెండు చేతులా పట్టుకారు పట్టింది. సమ్మెట ఎత్తాను... ఎక్కడ కొట్టాలి? దెబ్బ జారింది. మొన వంకరపోయింది.

మళ్లీ కాల్చి పెట్టాం. అప్పుడు...

టింగ్.

కొట్టాను.

టింగ్... కొట్టాను. ఇంకో పక్క... టింగ్. అమ్మకు ఈ పని ఎప్పుడొచ్చిందా అనుకుంటూ తలెత్తాను.

అమ్మ రెండు చేతులూ పట్టుకారు మీదే ఉన్నాయి. నాన్న సుత్తె గోడ వార పడి ఉంది... దుమ్ము పట్టి.

అయినా ఆగలేదు. ఆగితే ఆ చప్పుడు పోతుందేమో... దెయ్యం భయం కంటే నాకు అదే ఎక్కువైంది.

మొన సూటిగా సాగింది. చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా... సుత్తె సప్పుడు ఇన్నవా?"

"నీ సమ్మెట సప్పుడే ఇన్న. ఇంకేం సప్పుడే?"

జరిగింది చెప్పాను. అమ్మ లేచి, సుత్తె తీసుకుని, కొంగుతో దుమ్ము తుడిచింది.

"నేను గీడ్నే కూసున్న గద బిడ్డా... నాకెందుకు ఇనవడలే?"

దాగలి ఇంకా మా దగ్గరే ఉంది. ఆ రాత్రి నేను విన్నదేంటో మాత్రం ఇప్పటికీ తెలియదు. చెవులు మోగాయేమో. నాన్నేనేమో. ఆ తర్వాత నాకూ మళ్లీ వినబడలేదు. అమ్మ మాత్రం నేను పని మొదలుపెట్టగానే వచ్చి పక్కన కూర్చుంటుంది. ఏమీ అడగదు... నా చేతుల వంక కూడా చూడదు. కళ్లు మూసుకుని వింటూ ఉంటుంది.