రెండో గిన్నె

మా ఉపదేశి పోయారన్న కబురు నాకు ఇచ్చోడలో, ఆరోగ్య కేంద్రం పక్కనున్న ఎస్టీడీ బూతులో తెలిసింది. ఫోన్ చేసింది మా తమ్ముడు. "అక్కా, ఉపదేశి తాత పొద్దుగాల పోయిండు. కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే. నువ్వొచ్చేదాక ఆపుతం, జల్ది రా" అన్నాడు. పిల్లలకు టీకాలు వేసే రోజది. పని తోటి నర్సుకు అప్పగించి, రెండు బస్సులు మారి, మధ్యాహ్నం దాటాక మెట్‌పల్లి అవతలి మా ఊరు చేరాను. దారిపొడుగునా రాని ఏడుపు, బస్సు దిగి హోటల్ ముందు నిలబడగానే వచ్చింది. అక్కడే ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ఆయన సంగతంతా చెప్పాలి.

ఉపదేశి అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. పాస్టరు అయ్యగారు పట్నంలో ఉంటారు. రెండు నెలలకోసారి వచ్చి బల్ల ఇచ్చి పోతారు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు భోజనాన్ని మేం బల్ల అంటాం. మిగతా రోజులన్నీ సంఘాన్ని కనిపెట్టుకొని ఉండేది ఉపదేశి. ప్రార్థన నడపడం, జబ్బుమనిషి పక్కన కూర్చోవడం, మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటే మధ్యలో నిలబడటం, అన్నీ ఆయనవే.

ఆయన మా ఊరికి వచ్చింది ప్రత్యేక తెలంగాణ గొడవల్లో బళ్ళు మూతపడ్డ ఏడు. నాకప్పుడు ఏడేళ్ళు. ఊరి మీద పడి తిరుగుతున్న మమ్మల్ని గుడి నేల మీద కూర్చోబెట్టి ఇసుకలో అక్షరాలు దిద్దించారు. మాలవాడకూ మాదిగవాడకూ నడుమ ఉంటుంది మా గుడి. దాన్ని ఆనుకొని ఉన్న ఒక్క గదే ఆయన ఇల్లు. తనది ఏ కులమో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా కూపీ లాగబోతే "మాది హుజూరాబాద్ దిక్కు" అని సైకిలెక్కేవారు. రెండు వాడల వాళ్ళకూ ఆయన అవతలి వాడ మనిషేమోనని అనుమానం. "హుజూరాబాద్ అనే కులం ఎప్పుడు పుట్టెనో!" అని మా అవ్వ, అంటే మా అమ్మ, నవ్వేది.

బల్లకు ముందు శనివారం ఎండు ద్రాక్షలు నానబెట్టి, గుడ్డలో వేసి పిండేవారు. ఆ పిప్పి కోసం పిల్లలం గది ముందు కాచుకొని ఉండేవాళ్ళం. అందరికీ సమంగా పంచి, "దేవుని ముందల అరవకుండ్రి, ఆయనకు చెవులున్నయి" అనేవారు. ఆయన ప్రార్థనలు కూడా అంతే, పొట్టిగా ఉండేవి. తేలు కుట్టినా, జ్వరమొచ్చినా, కాన్పు కష్టమైనా జనం ఆయన కోసమే పరుగెత్తేవారు. హిందువుల ఇళ్ళ నుంచీ వచ్చేవారు. ఆయన తల మీద చెయ్యి పెట్టి నాలుగు మాటలు అని, వెంటనే సైకిల్ మీద దవాఖానకు తీసుకుపోయేవారు. నేను నర్సు ట్రైనింగుకు పోయేటప్పుడు ఆయన చెప్పింది ఇప్పటికీ రోజూ గుర్తొస్తుంది: "సూది మీరు వేస్తరు, మాన్పుడు దేవుడు చేస్తడు. రెంటికి కొట్లాట పెట్టకు బిడ్డా."

ఇక చెప్పబోయేది మా ఇంటి సిగ్గు. దాచిపెడితే ఆయన ఒప్పుకోరు.

ఆయన వచ్చిన కొత్తల్లోనే మాదిగవాడ కుటుంబాలు బాప్తిస్మం తీసుకొని మొదటిసారి బల్లకు వచ్చాయి. ఉన్నది ఒక్కటే గిన్నె, పెదవి ఆనించి తాగి పక్కవాళ్ళకు అందించాలి. వాళ్ళు తాగిన గిన్నె మా వరుసకు రాగానే మా బాపు లేచి బయటికి నడిచాడు. మాది మాలవాడ, బాపు సంఘ పెద్ద. ఆయన వెనకాలే మాలవాడ సగం లేచిపోయింది. మూడు నెలలు గుడిలో మా వైపు సగం ఖాళీగా ఉంది. సంఘం చీలిపోతుందని ఉపదేశి పరేషాన్ అయ్యారు. చివరికి మెట్‌పల్లి పోయి ఇత్తడి గిన్నె ఒకటి తెచ్చి, కళాయి వేయించి, బల్ల మీద పాత గిన్నె పక్కన పెట్టారు. పాతది మాకు, కొత్తది వాళ్ళకు. "గీ ఒక్క యేడు. మనసులు జర మెత్తపడేదాక" అన్నారట. ఆ ఒక్క ఏడు తొమ్మిదేళ్ళయింది. మనసులు మెత్తపడటం మాట అటుంచి, రెండు గిన్నెలు ఉండటమే పద్ధతి అనుకున్నాం. పాస్టరు అయ్యగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

బస్సు స్టేజీ దగ్గరి హోటల్లో అంతకుముందు నుంచే ఇంకో పద్ధతి ఉంది. మా రెండు వాడలవాళ్ళకు వేరే గ్లాసులు బయట చూరులో దోపి ఉండేవి. తాగి, కడిగి, మళ్ళీ దోపి రావాలి. ఉపదేశి ఆ గ్లాసు ఎన్నడూ ముట్టలేదు, అందుకని చాయే తాగలేదు. ఎమర్జెన్సీ ఎత్తేశాక ఊళ్ళల్లో కూలీ సంఘాలు లేచాయి. ఒకరోజు పొద్దున ఆయన రెండు వాడల యువకులను నలుగురిని వెంటబెట్టుకొని హోటల్ లోపలికి పోయి బెంచీ మీద కూర్చున్నారు. నేను పదో తరగతి చదువుతున్నాను, మెట్‌పల్లి బస్సు కోసం అక్కడే నిలబడి ఉన్నాను.

"లోపలి గ్లాసులల్ల పొయ్యి" అన్నారు.

హోటలాయన కోప్పడలేదు. చాయ వడపోస్తూనే అన్నాడు: "పోస్త పంతులూ. మరి మీ గుళ్ళె రెండు గిన్నెలెందుకున్నయి? మీల మీకే ఎంగిలి పట్టింపులుండంగ, నా గ్లాసులే కనబడ్డయా నీకు?"

ఉపదేశి ముఖం నేను చూశాను. చెంపదెబ్బ తిన్న మనిషి కూడా అలా ఉండడు. కండువా సర్దుకొని, "నిజమే" అని లేచి వచ్చేశారు.

తర్వాతి బల్లకు రెండు గిన్నెలూ తానే కడిగి పెట్టారు. అయ్యగారు పిలిచినప్పుడు ముందుకు రాలేదు. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చొని, అందరికీ వినబడేలా అన్నారు: "రెండో గిన్నె తెచ్చినోణ్ణి నేను. తప్పు నాది. అది పోయేదాక నేను బల్లకు రాను."

మాలో బల్లకు దూరం కావడమంటే చిన్న సంగతి కాదు. దొంగతనమో వ్యభిచారమో చేసినవాళ్ళకు సంఘం వేసే శిక్ష అది. ఆయన తనకు తానే వేసుకున్నారు. బాపు ఉండబట్టలేక అడిగాడు: "నువ్వే తెస్తివి, నువ్వే తీసెయ్యరాదా?"

"నేను తీస్తె మీరు మళ్ల లేచిపోతరు పెద్దయ్యా. మీ చేతులతోనే పోవాలె."

ఏడాదిన్నర పైగా ఆయన ఆ చెప్పుల దగ్గరే కూర్చున్నారు. శనివారం ద్రాక్షలు పిండేది ఆయనే, ఆదివారం చుక్క ముట్టనిదీ ఆయనే. నాకు బాపు మీద పీకల దాకా కోపం ఉండేది. చెప్పే ధైర్యం మాత్రం లేదు.

అప్పుడు బాపుకు జ్వరం పట్టింది. పన్నెండు రోజులైనా దిగలేదు. మెట్‌పల్లి డాక్టరు కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. బండి కట్టేలోపు ప్రార్థన చేయించమని అవ్వ నన్ను ఉపదేశి దగ్గరికి పంపింది. ఆయన ఒంటరిగా రాలేదు. దారిలో పొలం గట్టున ఆగి రూతవ్వను పిలిచారు. రూతవ్వ మాదిగవాడ సంఘానికి పెద్ద దిక్కు. నాట్లు వేస్తున్న మనిషి, కాళ్ళ బురదతోనే వచ్చింది. మా గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు.

"అయ్యా, చెయ్యివెట్టు" అన్నాడు బాపు మంచం మీది నుంచి.

"నేను బల్లకు దూరంగున్నోణ్ణి పెద్దయ్యా. రూతవ్వ వెడుతది. నేను ఆమేన్ అంట."

రూతవ్వే మాట్లాడింది. "పెట్టుమంటవా పెద్దయ్యా? ఒద్దంటె వాకిట్లనే నిలవడి చేస్త. దేవునికి గోడలడ్డం గావు."

బాపు తలకు చుట్టుకున్న తువ్వాలను తానే తీసి పక్కన పెట్టాడు. రూతవ్వ బురద ఆరిన అరచేయి ఆయన నుదుటి మీద పెట్టింది.

"తండ్రీ, గీ మనిషి మాకు ఇన్నేండ్లు వేరే గిన్నె పెట్టిండు. నాకు కోపమున్నది. నా కోపం నువ్వు తీస్కో. ఆయన జ్వరం నువ్వు తీస్కో."

ఉపదేశి ఆమేన్ అన్నారు. బాపు కూడా అన్నాడు, ఏడుస్తూ. మా బాపు ఏడవగా నేను చూడటం అదే మొదలు.

మూడు వారాలు కరీంనగర్‌లో ఉండి బాపు బతికి వచ్చాడు. మందులకా ప్రార్థనకా అని నన్నడిగితే పైన చెప్పిన జవాబే చెబుతాను. ఉపదేశి లెక్క మాత్రం వేరు. "జ్వరం దిగుడు చిన్న పని బిడ్డా, మెడ వంగుడు పెద్ద పని. శక్తి అంటే గది" అన్నారు.

ఆ నెల బల్లకు బాపు కట్టె పట్టుకొని వచ్చి, మా వరుస దాటిపోయి రూతవ్వ వెనక నిలబడ్డాడు. ఆమె తాగిన ఇత్తడి గిన్నె అందుకొని తాగాడు. "చెయ్యి వెడితె మైలపడలే, గిన్నె ముడితె ఏమైతది" అని మా వైపు తిరిగి అన్నాడు. అవ్వ లేచింది, నేను లేచాను, మెల్లగా అందరూ లేచారు. రెండు కుటుంబాలు మాత్రం ఆరోజు గుడి విడిచిపోయి మళ్ళీ రాలేదు. అన్నిటికన్నా చివర, చెప్పుల దగ్గరి నుంచి ఉపదేశి వచ్చారు. తాగుతుంటే రసం చొక్కా మీద ఒలికింది.

మరునాడే బాపును, రూతవ్వ మొగుణ్ణి తీసుకొని మళ్ళీ హోటల్‌కు పోయారు. "ఇప్పుడు ఒకటే గిన్నె" అన్నారు. హోటలాయన పొయ్యడానికి జంకి దుకాణం మూసుకున్నాడు. ఆ వారంలోనే చెరువు కట్ట మీద ఎవరో ఊరి పెద్దల మనుషులు ఉపదేశిని సైకిల్ మీది నుంచి పడదోసి కొట్టారు. ఎడమ భుజం విరిగి, మళ్ళీ సరిగ్గా అతకలేదు. చేతికి కట్టుతోనే పోలీసు ఠాణాకు పోయారు. నువ్వు క్షమించాల్సినోడివి కదా అని అక్కడ పోలీసులు నవ్వితే, "క్షమించుడు నా పని, కేసు రాసుకునుడు మీ పని" అని రాసేదాకా బెంచీ దిగలేదు. కేసు భయానికి ఎండాకాలం ముగిసేలోపు హోటల్ చూరులో గ్లాసులు పోయాయి. ఉపదేశి మా ఊళ్ళో మొదటి చాయ తాగి, "చక్కెర ఎక్కువైంది" అన్నారు.

బల్ల మీద పాత గిన్నె ఒక్కటే మిగిలింది. ఇత్తడిదాన్ని ఏం చేస్తారో అనుకున్నాం. తన గది ముందు దారిపక్క నీళ్ళ కుండ పెట్టి, దాని మీద బోర్లించారు. వచ్చేపోయే వాళ్ళెవరైనా ముంచుకోవచ్చు. ఎవరైనా గిన్నె ఎత్తి నోట్లో పోసుకోబోతే, పెదవి ఆనించమని "కరుసుకొని తాగు, గది గందుకే ఉన్నది" అనేవారు. నా తప్పు నా కళ్ళ ముందల ఉండాలె అని కూడా అనేవారు, అప్పుడప్పుడు.

మొన్న మట్టి వేసి వచ్చి అందరం ఆ గది ముందు కాళ్ళు చేతులు కడుక్కున్నాం. రూతవ్వ గోడకు ఆనుకొని కూర్చుంది, కళ్ళు కనబడవు ఇప్పుడామెకు. హోటలాయన కట్టె ఊతంతో వచ్చి కుండ ముందు నిలబడ్డాడు. ముసలివాడైపోయాడు. నేను ముంచి ఇచ్చాను. కళాయి ఎప్పుడో పోయి గిన్నె లోపల పచ్చగా మెరుస్తోంది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఎత్తి పోసుకుంటాడనుకున్నాను. అంచుకు పెదవులు ఆనించి, మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకొని, అడుగుదాకా తాగి, గిన్నె నా చేతికిచ్చాడు.

పొద్దుటి నుంచి నేనూ నీళ్ళు తాగలేదు. కడగకుండానే ముంచుకున్నాను.