నీళ్ళు ముందా, కాళ్ళు ముందా

ఇటుకలు కోసే మా పక్కింటి పెద్దాయన పోయారని ఫోను వచ్చేసరికి నేను నగరి బస్సులో ఉన్నాను. పక్క సీటాయన ఎవరని అడిగాడు. మా ఊళ్ళో సగం గోడలు ఆయనవే అన్నాను. నిజానికి నాకు గుర్తొచ్చింది గోడలు కాదు, కప్పలు.

ఆయన మట్టి తవ్విన గుంట వానలకు నిండేది, వేసవికి ఎండేది. ఒక ఏడు దోమలు ఎక్కువయ్యాయి. చేపలు దోమ పిల్లల్ని తింటాయని బజ్జీల పొట్లం కాగితంలో చదివాను. కాగితం సగమే ఉంది. నా చదువంతా అలాంటిదే. చెరువు నుంచి బిందెడు చేపపిల్లలు తెచ్చి గుంటలో వదిలి, గొప్పగా ఆయనకు చెప్పాను.

ఆయన తిట్టలేదు. పంచె ఎగ్గట్టి గుంటలోకి దిగారు.

"ఏటా ఎండిపోయే గుంటలో చేప బతకదు. అందుకే కప్ప ఈడికొచ్చి గుడ్లు పెడతాది. నువ్వు అంగన్‌వాడీలో పులిని వదిలినావు కదప్పా."

ఆయన వేలిముద్ర మనిషి. నా కాగితంలో చిరిగిన సగం చదివిపెట్టింది మాత్రం ఆయనే.

ఒక పాత చీర కొసలు చెరొకరం పట్టుకుని మూడు రోజులు చేపల్ని దేవాము. అప్పటికే గుడ్లలోంచి వచ్చిన తోకకప్పలు సగం చేపల పాలయ్యాయి. మిగిలినవాటికి గుంట నీళ్ళే దిక్కు. మామూలుగా ఆ నీళ్ళతోనే ఆయన మట్టి కలిపేవారు. ఆ ఏడు చెంబుడు కూడా తోడనివ్వలేదు. ఇటుకల మట్టికి బోరు నీళ్ళు మోసే పని నాకు పడింది. తప్పు నాదే కాబట్టి మోశాను.

ఎండకు గుంట రోజురోజుకీ చిన్నదయ్యేది. రోజూ పొద్దున ఆయన గట్టు మీద కూర్చుని, "నీళ్ళు ముందు పోతాయో, కాళ్ళు ముందు వస్తాయో," అనేవారు. నేనూ వంగి చూసేవాణ్ణి. తోకకప్పలకు మొదట వెనక కాళ్ళు వచ్చాయి, తర్వాత ముందువి. తోక ఊడి పడుతుందనుకున్నాను. పడలేదు, లోలోపలికే అరిగిపోయింది. ఈ వయసు దాకా నాకు అంతకంటే వింత ఇంకోటి కనిపించలేదు.

గుంటలో చాపంత నీళ్ళు మిగిలిన రోజు పొద్దున సన్నటి జల్లు పడింది. వెళ్ళేసరికి ఆయన గట్టు మీద ఒంటికాలిపై నిలబడి ఉన్నారు. నేల కదులుతోంది. గోరంత కప్పలు, వందలకొద్దీ, ఆయన్ని దాటుకుని చేలవైపు పోతున్నాయి.

చెయ్యి అందించబోయాను.

"ఆణ్ణే ఉండప్పా, అడుగెయ్యొద్దు. పోనీ వాటిని," అన్నారు, ఎత్తిన కాలు దించకుండానే.